బెల్టు కూస్తే వినకూడని సలహాలు

44వ నంబరు జాతీయ రహదారి మీద వ్యాన్ ఆపి బానెట్ ఎత్తితే చాలు, కాసేపట్లో నలుగురు చేరతారు. బీచుపల్లి దగ్గరైతే ఇంకా తొందరగా చేరతారు. కృష్ణ వంతెన పక్కన ఆంజనేయస్వామికి మొక్కుకోవడానికి ఆగిన లారీవాళ్లు, ఎర్రవల్లి చౌరస్తాలో గిరాకీ కోసం చూసే తుఫాన్ డ్రైవర్లు, పెబ్బేరు సంత నుంచి మేకలతో తిరిగొచ్చే పికప్ ఓనర్లు, అందరూ వస్తారు. సాయం చేయాలన్న మనసుకు పాలమూరు దారుల్లో కరువు లేదు. చిక్కల్లా వాళ్లు చెప్పే చిట్కాలతోనే. ఇంజన్ ముందు తిరిగే బెల్టు గురించీ, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ గురించీ ఈ దారిలో తిరిగే సలహాలు చాలావరకు తప్పు. కొన్ని బండికి చేటు, కొన్ని మనిషికే చేటు.

ఆ సలహాలు గాల్లోంచి పుట్టినవి కావు. ఎక్కువ భాగం పాత లారీల నాటివి. అప్పట్లో ఇంజన్ ముందు ఒకటో రెండో 'వి' ఆకారపు బెల్టులు ఉండేవి, డైనమోను వెనక్కి గుంజి బోల్టు బిగిస్తే అదే టెన్షన్. ఇప్పటి డీజిల్ వ్యాన్లు చాలావాటిలో సన్న గాడులున్న ఒకే పొడవాటి బెల్టు అన్ని పుల్లీల చుట్టూ తిరిగి వస్తుంది, స్ప్రింగు టెన్షనర్ దాన్ని పట్టి ఉంచుతుంది. బండి మారింది, మాట మారలేదు. తాత నోటి నుంచి తండ్రికి, తండ్రి నుంచి క్లీనర్ పిల్లాడికి అదే మాట నడిచి వచ్చింది. ఆ సలహాలను ఎత్తి చూపి, ఎందుకు వినకూడదో, బదులుగా ఏం చేయాలో చెప్తాను. వ్యాన్ మీదే ఇల్లు గడిపేవాళ్లు ఓపికగా చదవాలని నా కోరిక.

"ఏం గాదన్నా, ఛార్జింగే గదా. ఊరు చేరినంక చూసుకుందాం"

అన్నిటికంటే ప్రమాదమైన సలహా ఇదే, అందుకే ముందు దీని సంగతి. బెల్టు తెగితే మొదట వెలిగేది బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్ర లైటు. దాన్ని చూసి చుట్టూ ఉన్నవాళ్లు, "డీజిల్ బండికి కరెంటుతో పనేంది, సెల్ఫ్ కొట్టేదాకనే బ్యాటరీ" అంటారు. పాత మెకానికల్ పంపు ఇంజన్లకు ఆ మాట నిజమే. ఒకసారి స్టార్టయితే ఆల్టర్నేటర్ చచ్చిపోయినా అవి నడుస్తూనే ఉంటాయి. ప్రమాదం పుట్టేది కూడా అక్కడే. ఇంజన్ ఆగదు కాబట్టి డ్రైవరూ ఆగడు. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త ఇంజన్లలో డీజిల్ పోయడం కంప్యూటర్ చేతికి పోయింది. వాటిలో ఛార్జింగ్ ఆగితే బ్యాటరీ దిగిపోయి ఎక్కడో ఒకచోట బండి దానంతట అదే ఆగుతుంది. పాత బండి ఆ దయ కూడా చూపదు.

ఆ బెల్టు తిప్పేది ఆల్టర్నేటర్ ఒక్కదాన్నే కాదు. చాలా వ్యాన్లలో నీళ్ల పంపును తిప్పేది అదే. పవర్ స్టీరింగ్ ఆయిల్ పంపును, ఏసీ ఉంటే కంప్రెసర్‌ను తిప్పేదీ అదే. నీళ్ల పంపు ఆగితే రేడియేటర్ నిండా నీళ్లున్నా అవి కదలవు. మే నెల ఎండలో, లోడు మీద, కొద్ది కిలోమీటర్లు పోయేలోపే హీట్ ముల్లు ఎరుపులోకి పోతుంది. ఆ తర్వాత హెడ్ గాస్కెట్ పోతుంది, ఇంకా తొక్కితే హెడ్డే వంగుతుంది. బెల్టు, టెన్షనర్ రెండూ కలిపి కొన్నా హెడ్డు పని ఖర్చులో అది చిన్న ముక్క.

ఇంతకంటే పెద్ద సంగతి బ్రేకులు. ఇది చెప్పినప్పుడు ఏళ్ల తరబడి బండి నడిపినవాళ్లు కూడా ఆశ్చర్యంగా చూస్తారు. బ్రేకు పెడల్ తేలిగ్గా దిగడానికి వెనక బూస్టర్ సాయం చేస్తుంది, ఆ బూస్టర్ పనిచేయడానికి వ్యాక్యూమ్ కావాలి. పెట్రోల్ ఇంజన్‌కు గాలి లోపలికి పోయే దారిలోనే అది దొరుకుతుంది. డీజిల్ ఇంజన్‌కు అలా చాలినంత దొరకదు, విడిగా వ్యాక్యూమ్ పంపు కావాలి. మన దగ్గర తిరిగే డీజిల్ బండ్లు చాలావాటిలో ఆ పంపు ఆల్టర్నేటర్ వీపు మీదే బిగించి ఉంటుంది. అంటే బెల్టు తెగితే ఆల్టర్నేటర్‌తో పాటు వ్యాక్యూమ్ పంపూ ఆగుతుంది. బూస్టర్‌లో మిగిలిన సాయం ఒకటి రెండు తొక్కులకు సరిపోతుంది. ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. బ్రేకులు పూర్తిగా పోవు. కానీ ఒక కాలి బలంతో ఆగే బండిని ఆపడానికి రెండు కాళ్ల బలం పెట్టాల్సి వస్తుంది, పెట్టినా అనుకున్న చోట ఆగదు.

మీ బండి సంగతి మీరే తెలుసుకోవచ్చు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ వెనక వైపు టార్చి వేసి చూడండి. వైర్లు మాత్రమే ఉంటే వ్యాక్యూమ్ పంపు వేరే చోట ఉన్నట్టు, కొన్ని ఇంజన్లలో దాన్ని క్యామ్‌షాఫ్ట్ తిప్పుతుంది. వైర్లతో పాటు నూనె వచ్చే సన్న పైపు, నూనె దిగే ఇంకో పైపు, బూస్టర్ వైపు పోయే మందపు గొట్టం కనిపిస్తే, మీ బ్రేకు సాయం ఆ బెల్టు మీద ఆధారపడి ఉన్నట్టే. బూస్టర్ పనితనం చూడాలంటే, ఇంజన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కి, కాలు దాని మీదే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి జారితే వ్యాక్యూమ్ వస్తున్నట్టు. జారకపోతే బండి కదపకుండా షెడ్డుకు ఫోన్ చేయండి.

నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా శ్రీశైలం పోయే వ్యాన్లకు ఈ ముక్క ప్రాణంతో సమానం. మన్ననూరు దాటితే నల్లమల, దోమలపెంట దాటాక రోడ్డు మెలికలు తిరుగుతూ కృష్ణ దాకా దిగుతుంది. శివరాత్రికి పది పన్నెండు మందిని ఎక్కించుకున్న బండి ఆ దిగుడులో బ్రేకు సాయం పోగొట్టుకుంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. పైగా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ అడవి దారిలో రాకపోకలు ఆపేస్తారు, చాలా చోట్ల ఫోన్ సిగ్నలూ అందదు. బెల్టు కూస్తుంటే ఘాట్ ఎక్కడం కాదు, అచ్చంపేట కూడా దాటకండి.

నడుస్తుండగా ఎర్ర లైటు వెలిగి స్టీరింగ్ బరువెక్కితే బెల్టు పోయిందనే అనుకోండి. పెడల్‌ను మాటిమాటికీ తొక్కి వదలకండి, ప్రతి తొక్కూ మిగిలిన సాయాన్ని తినేస్తుంది. గేరు తగ్గించి ఇంజన్ బలంతోనే వేగం తగ్గించండి, ఒకే తొక్కు తొక్కి పట్టి ఉంచండి, ఎడమ పక్క మట్టి దాకా దించి ఆపండి. వంతెన మీద ఉంటే మాత్రం వీలైనంతవరకు వంతెన దిగాకే ఆపండి, వంతెన మీద వెనక వచ్చే లారీకి తప్పుకునే చోటుండదు.

"జర సబ్బు రాయి, కూత బందైతది"

సబ్బు, కొబ్బరినూనె, గ్రీజు, మైనం, మొహానికి రాసుకునే పౌడర్. వీటిలో ఏదో ఒకటి పూసిన బెల్టు ప్రతి షెడ్డులోనూ కనిపిస్తుంది. కూత ఆగిన మాట నిజమే. ఆగిందెందుకంటే బెల్టు మునుపటికంటే బాగా జారుతోంది కాబట్టి. జారేటప్పుడు పట్టు ఉన్నందుకే అది అరిచింది, ఇప్పుడు అరిచే పట్టు కూడా పోయింది. నూనె, గ్రీజు అయితే రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి కూడా. దుకాణాల్లో డబ్బాలో దొరికే బెల్టు డ్రెస్సింగ్ స్ప్రేకీ ఇదే మాట వర్తిస్తుంది. అది అంటుకునే పొర వేసి దుమ్మును పోగేస్తుంది. పత్తి సీజన్‌లో గద్వాల వైపు దారుల్లో తిరిగే బండికి ఆ జిగట పొర మీద దూది, మట్టి కలిసి అట్టలా పేరుకుపోతాయి.

కూత ఒక జబ్బు కాదు, జబ్బు చెప్పే గొంతు. దాన్ని వినడం నేర్చుకోవాలి. సాదా నీళ్ల సీసా ఒకటి చాలు. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా, చేతులు దూరంగా పెట్టి, చొక్కా కొసలూ తువ్వాలూ లోపలికి దోపుకుని, బెల్టు గాడుల వైపు కొంచెం నీళ్లు చిమ్మండి. కూత పెరిగితే బెల్టు జారుతున్నట్టు, అంటే టెన్షన్ చాలట్లేదు. కూత ఆగి, నీళ్లు ఆరగానే మళ్లీ మొదలైతే పుల్లీలు ఒకే వరుసలో లేనట్టు. మొదటిది టెన్షనర్ మీదికో అరిగిన బెల్టు మీదికో వేలు చూపిస్తుంది. రెండోది వంకరగా బిగిసిన పుల్లీ, అరిగిన బేరింగ్, టెన్షనర్ చేతి మొదట్లో బుష్ లూజు, వీటిలో ఏదో ఒకటి.

నీళ్లతో ఏ తేడా కనబడక గరగరమని రుబ్బినట్టు మోగుతుంటే అది బెల్టు గొంతు కాదు, ఏదో ఒక పుల్లీ బేరింగ్‌ది.

"చూడు, ఒక్క పగులన్న ఉన్నదా? ఇంకో సాలు నడుస్తది"

ఈ సలహా ఇచ్చేవాడు ఒకప్పుడు మంచి మెకానిక్ అయ్యుంటాడు. పాత బెల్టుల రబ్బరు నియోప్రీన్, ముసలిదయ్యాక అడ్డంగా పగిలేది. పగుళ్లు లెక్కపెట్టి మార్చడం అప్పటి పద్ధతి, అది సరైనదే. గత పాతికేళ్లలో గాడుల బెల్టులన్నీ దాదాపుగా ఈపీడీఎం అనే రబ్బరుకు మారాయి. ఇది వేడిని బాగా ఓర్చుకుంటుంది, అంత తేలిగ్గా పగలదు. పగలకుండానే టైరు అరిగినట్టు అరుగుతుంది. చూడటానికి నల్లగా, నున్నగా, కొత్తదానిలా కనిపిస్తూనే గాడులు లోతెక్కి, రబ్బరు పల్చబడి, పుల్లీ అంచులు బెల్టు గాడుల అడుగుకు తగులుతుంటాయి. అప్పుడిక గాడుల పక్క గోడల పట్టు ఉండదు, ఎంత టెన్షన్ ఉన్నా జారుతుంది.

బెల్టు కంపెనీలు దీన్ని కొలవడానికి చిన్న ప్లాస్టిక్ గేజ్ ఇస్తాయి, విడిభాగాల దుకాణంలో అడిగి చూడండి. అది లేకపోతే కొత్త బెల్టును పక్కన పెట్టి గాడుల లోతు పోల్చండి. అంచుల్లో దారాలు లేచినా, ఒక గాడి ముక్క ఊడినా, గాడుల గోడలు అద్దంలా మెరిసినా, నూనె తాగి ఉబ్బినా ఆలోచించే పని లేదు, మార్చేయండి. నూనె తాగిన బెల్టును మార్చేముందు ఆ నూనె ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవాలి. క్రాంక్ ముందు సీలో, వ్యాక్యూమ్ పంపు పైపో, పవర్ స్టీరింగ్ గొట్టమో కారుతుంటే కొత్త బెల్టు కూడా అదే దారి పడుతుంది.

"రాడ్ పెట్టి గట్టిగ గుంజు, మల్ల లూజ్ గాదు"

ఇది డైనమోను గుంజి బిగించే పాత తరహా బండ్ల గురించి. పల్లికాయ బస్తాలు మోసే పాత పికప్పులు ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి చెప్పాలి. రాడ్ సందులో పెట్టి ఇద్దరు గుంజితే బెల్టు తీగలా బిగుస్తుంది. ఆ బిగువంతా ఆల్టర్నేటర్ బేరింగ్ మీదా, నీళ్ల పంపు బేరింగ్ మీదా పడుతుంది. కొంతకాలానికి పంపు కింది చిల్లు నుంచి నీళ్లు కారడం మొదలవుతుంది, అప్పుడు పంపు నకిలీదని దుకాణదారును తిడతారు. రెండు పుల్లీల మధ్య పొడవైన చోట బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు 10 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి, చాలా పాత బండ్లకు అదే లెక్క, మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. కొత్త 'వి' బెల్టు కొంచెం నడిచాక గాడిలో సర్దుకుని లూజవుతుంది కాబట్టి మరుసటి రోజు ఇంకోసారి చూసి బిగించాలి.

స్ప్రింగు టెన్షనర్ ఉన్న బండికి ఈ బొటనవేలి పరీక్ష పనికిరాదు. అక్కడ నొక్కితే బెల్టు కాదు, టెన్షనర్ కదులుతుంది.

"టెన్షనర్ మంచిగనే ఉన్నది, ఎందుకు పైసలు దండుగ"

నిజం చెప్పాలంటే ఈ వ్యాసం రాయాలనిపించింది ఈ ఒక్క సలహా వల్లే. బెల్టు చేతికి కనిపిస్తుంది, అరుగుదల కంటికి తెలుస్తుంది. టెన్షనర్ లోపల ఏం జరుగుతోందో కనిపించదు. అందుకే బెల్టు మార్చి, టెన్షనర్ వదిలేస్తారు. కొత్త బెల్టు కొన్నాళ్లకే మళ్లీ కూస్తుంది, అప్పుడు బెల్టు కంపెనీ మీద పడతారు.

డీజిల్ ఇంజన్ ఒకే తీరున తిరగదు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్ ఒక చుట్టు తిరిగేలోపు రెండు సార్లు సిలిండర్లు పేలతాయి, పేలిన ప్రతిసారీ క్రాంక్ ఒక్క ఉదుటున ముందుకు దూకి మళ్లీ నెమ్మదిస్తుంది. రెండు సిలిండర్ల చిన్న ట్రక్కుల్లో ఈ కుదుపు ఇంకా ఎక్కువ. ఆ కుదుపంతా బెల్టు మీదికి వస్తుంది. ఏసీ వేసినప్పుడు, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోడు ఒక్కసారిగా పెరుగుతుంది. వేడికి బెల్టు పొడవులో తేడా వస్తుంది. వీటన్నిటినీ ఓర్చుకుంటూ బిగువు ఒకే తీరున ఉంచే పని టెన్షనర్‌ది. దానిలో ఒక బలమైన స్ప్రింగు, కుదుపును అణిచే రాపిడి బుష్, చేతి చివర పుల్లీ, ఆ పుల్లీలో బేరింగ్ ఉంటాయి. ఈ నాలుగూ బెల్టుతో పాటే పనిచేస్తాయి, బెల్టుతో పాటే ముసలివవుతాయి.

ఇంజన్ ఐడిల్‌లో ఉండగా టెన్షనర్ చేతిని దూరం నుంచి చూడండి. కొద్దిగా వణకడం సహజం. పెద్దగా ఊగిసలాడితే లోపలి బుష్ పనైపోయినట్టు. చాలా టెన్షనర్ల మీద ఒక గుర్తు, దానికి ఎదురుగా హద్దు గీతలు ఉంటాయి, గుర్తు హద్దు దాటిందంటే బెల్టు సాగిందో, తప్పు సైజుదో, స్ప్రింగు అలసిందో. బెల్టు తీశాక పుల్లీని చేత్తో తిప్పండి. నిశ్శబ్దంగా, నున్నగా తిరగాలి. ఇసుక ఉన్నట్టు గరగరలాడినా, ఒక్క తోపుకు అదే పనిగా గిరగిరా తిరుగుతూ పోయినా (గ్రీజు ఆరిపోయిన బేరింగ్ అలా తిరుగుతుంది) అది పనికిరాదు. టెన్షనర్ చేతిని పానాతో కదిపితే ఆద్యంతం ఒకే బిగువుతో కదలాలి, మధ్యలో ఎక్కడా పట్టేయకూడదు.

ఇక్కడే ఇంకో మూడు సలహాలు వినిపిస్తాయి. "బేరింగ్ ఒక్కటి మార్చు" అనేది మొదటిది. ఐడ్లర్ పుల్లీ అయితే, అంటే స్ప్రింగు లేకుండా ఊరికే తిరిగే పుల్లీ అయితే, మంచి బేరింగ్ సరిగ్గా ప్రెస్ చేయించుకుంటే పని నడుస్తుంది. టెన్షనర్‌కు అది చాలదు, స్ప్రింగూ బుష్షూ పాతవే మిగులుతాయి. రెండోది, లూజైన టెన్షనర్ వెనక వాషర్లు వేయడం. దానివల్ల పుల్లీ వరుస తప్పి బెల్టు ఒక పక్కకు నడుస్తుంది, అంచు దారాలు లేచి ఒకరోజు గాడి దాటి పడిపోతుంది. మూడోది నాకు బాగా కోపం తెప్పించేది. టెన్షనర్ చేతిని బిగువుగా పట్టి వెల్డింగ్ కొట్టించడం. "ఇగ కదలదు" అని ధీమాగా చెప్తారు. కదలడమే దాని పని. కదలని టెన్షనర్ ఉన్న బెల్టు ప్రతి కుదుపునూ నేరుగా ఆల్టర్నేటర్ బేరింగ్‌లోకి, నీళ్ల పంపు బేరింగ్‌లోకి పంపిస్తుంది. ముందు ఏది విరుగుతుందో అదృష్టాన్ని బట్టి ఉంటుంది. మనుషుల్ని మోసే బండికి ఈ పని చేసే చేయి ఆగాలి, చేయించే ఓనరు ఇంకా ముందు ఆగాలి.

కొన్ని కొత్త బండ్లలో ఆల్టర్నేటర్ పుల్లీలో ఒక వైపే పట్టే క్లచ్ ఉంటుంది. అది పట్టేస్తే మంచి టెన్షనర్ కూడా అదిరిపోతుంది. కొత్త సెట్టు వేసినా వణుకు తగ్గకపోతే అక్కడ చూడండి. క్రాంక్ పుల్లీలో ఇనుప వలయాల మధ్య రబ్బరు ఉంటుంది, అది విడిపోయినా పుల్లీ అష్టవంకర్లు తిరుగుతూ బెల్టును విసిరేస్తుంది.

"స్క్రూడ్రైవర్ పెట్టి ఎక్కియ్యి, సెల్ఫ్ కొడితే అదే కూసుంటది"

వేళ్లు పోయేది ఈ సలహాతోనే. బెల్టును పుల్లీ అంచున పెట్టి సెల్ఫ్ కొడితే అది ఎక్కుతుంది, నిజమే, ఎక్కేటప్పుడు లోపలి దారాలు తెగుతాయి, దగ్గర్లో వేలుంటే అదీ తెగుతుంది. గుచ్చి ఎక్కించే స్క్రూడ్రైవర్ గాడి అంచును చెక్కుతుంది.

సరైన పద్ధతికి తొందర పనికిరాదు. ఇంజన్ చల్లారనివ్వండి. తాళంచెవి డ్యాష్‌బోర్డు మీద కాదు, పనిచేసేవాడి జేబులో ఉండాలి. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎలా తిరిగిందో బానెట్ లోపలి స్టిక్కర్ మీద ఉంటే చూసుకోండి, చిరిగిపోతే ఫోన్‌తో రెండు మూడు వైపుల నుంచి ఫోటో తీయండి. ఏ పుల్లీకి గాడుల వైపు తగులుతోందో, దేనికి వీపు తగులుతోందో గుర్తుపెట్టుకోవాలి. ఒక్క పుల్లీ తప్పినా నీళ్ల పంపు ఉల్టా తిరగవచ్చు.

టెన్షనర్ మీద పానా పట్టే చోటు ఉంటుంది, పొడుగు పిడి పానా వేసి బెల్టు లూజయ్యే వైపు మెల్లగా తిప్పి, బెల్టును సులువుగా అందే పుల్లీ మీది నుంచి జార్చండి. పానాను ఒక్కసారిగా వదలకండి, స్ప్రింగు కొట్టే దెబ్బ మణికట్టును విరవగలదు. కొన్నింటికి పిన్ను గుచ్చి చేతిని ఆపే చిల్లు ఉంటుంది, ఉంటే వాడండి. టెన్షనర్ పుల్లీ బోల్టులు కొన్నింటికి ఎడమ మర ఉంటుంది. విప్పుతున్నామనుకుని బిగించి తల విరగ్గొట్టేవాళ్లు ఎక్కువ, రాకపోతే బలం పెంచకుండా ముందు మర చూసుకోండి. పాత టెన్షనర్ తీశాక అది కూర్చునే చోటు తుడవండి, వెనక ఉండే చిన్న ముల్లు దాని గుంటలో పడిందో లేదో చూసి, బోల్టును పుస్తకంలో చెప్పినంతే బిగించండి. పుల్లీల గాడుల్లో పేరుకున్న రబ్బరు పొడిని బ్రష్‌తో తీసేయండి. అది ఉంటే కొత్త బెల్టు మొదటి రోజు నుంచే కూస్తుంది.

కొత్త బెల్టు చుట్టాక ప్రతి పుల్లీ దగ్గరా వేలితో తడిమి అన్ని గాడులూ కూర్చున్నాయో లేదో చూడండి. ఒక్క గాడి పక్కకు పోయినా ఆ బెల్టు నాలుగు రోజుల్లో చీరికలవుతుంది. పానాతో క్రాంక్‌ను చేత్తోనే రెండు చుట్లు తిప్పి మళ్లీ చూడండి. అప్పుడు బ్యాటరీ కలిపి స్టార్ట్ చేయండి. ఎర్ర లైటు ఆరాలి, టెన్షనర్ చేతి వణుకు తక్కువగా ఉండాలి, బ్రేకు పెడల్ పరీక్ష మళ్లీ చేయాలి.

"కొంచెం పొడుగైతే ఏమైతది, టెన్షనర్ పట్టుకుంటది"

బెల్టు వీపు మీద 6పీకే1820 లాంటి నంబరు ఉంటుంది. ఆరు గాడులు, పీకే తరహా, 1820 మిల్లీమీటర్ల పొడవు అని దానర్థం. పాత బెల్టు మీద నంబరు చెరిగిపోతే బండి మోడల్, సంవత్సరం, ఏసీ ఉందో లేదో చెప్పి అడగండి, పాత బెల్టును కొలిచి తెచ్చుకోకండి. పొడుగు బెల్టు వేస్తే టెన్షనర్ చివరికంటా చాచుకుని ఉంటుంది, ఇంకా సాగితే పట్టడానికి మిగలదు. ఏసీ కంప్రెసర్ పట్టేసిందని దాన్ని వదిలేసి చిన్న బెల్టు వేయడం కూడా అందరూ చెప్పేదే. ఏసీ లేని మోడల్‌కు కంపెనీయే ఆ దారి ఇచ్చి ఉంటే తప్ప అది చేయకండి. మిగిలిన పుల్లీల మీద బెల్టు చుట్టు తగ్గి, నీళ్ల పంపు దగ్గరే జారడం మొదలవుతుంది. బెల్టు తిరగేసి వేయమనేవాళ్లకు జవాబు చెప్పనక్కర్లేదు.

తెగిన బెల్టు బదులు చుట్టమని చెప్పేవి తాడు, సైకిల్ ట్యూబు, చున్నీ. పాత లారీకి ఒకే 'వి' బెల్టు ఉన్న రోజుల్లో వీటితో నాలుగు కిలోమీటర్లు నెట్టుకొచ్చినవాళ్లు ఉండొచ్చు. గాడుల పుల్లీల మీద ఇవి నిలవవు, చుట్టుకుపోయి క్రాంక్ వెనక దూరతాయి. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్‌లో ఆ పీచు కవర్ సందులోంచి లోపలికి పోతే ఇంజనే పోతుంది. హైవే మీద ఆగిపోతే 1033కి ఫోన్ చేయండి, జాతీయ రహదారుల సాయం నంబరు అది, రోజంతా పనిచేస్తుంది. ముల్లు ఎరుపులో ఉంటే రేడియేటర్ మూత విప్పకండి, కాలిన ఇంజన్ మీద చన్నీళ్లు కుమ్మరించకండి.

కొత్త బెల్టు వేశాక బీచుపల్లిలో ఆగి కొబ్బరికాయ కొట్టి, టైరు కింద నిమ్మకాయలు పెట్టే ఆచారం నాకు ఇష్టం. మొక్కులో నిజమైన శ్రద్ధ ఉంది. అదే శ్రద్ధతో ఇంకో నిమిషం బానెట్ ఎత్తమని మాత్రమే అడుగుతున్నాను.

2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా కృష్ణా పుష్కరాలు జరిగినప్పుడు బీచుపల్లి ఘాట్లకు జనం వరదలా వచ్చారు. అలాంటి రద్దీలో ఐడిల్‌లో నిలుస్తూ కదులుతూ పోయే బండికి బెల్టు, నీళ్ల పంపు పట్టు ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? మళ్లీ పుష్కరాలు 2028లో. అంతవరకూ ఆగొద్దు. ఎండాకాలం ముదిరేలోపే, పెళ్లిళ్ల గిరాకీ మొదలుకాకముందే, గద్వాలలోనో వనపర్తిలోనో కర్నూలులోనో బిల్లు ఇచ్చే దుకాణంలో బెల్టు, టెన్షనర్, ఐడ్లర్ ఉంటే అదీ కలిపి సెట్టుగా కొనండి. పుస్తకంలో రాసిన కిలోమీటర్లు మంచి రోడ్డు లెక్క, మన దుమ్ముకు ఇంకా ముందే చూసుకోవాలి. మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు డ్రైవర్ తలుపు లోపల చెరిగిపోని పెన్నుతో రాయండి. ఓనర్లకు ఒక విన్నపం: బెల్టు కూస్తోందని డ్రైవర్ చెప్పిన రోజున "ఈ ట్రిప్పు కొట్టు, మల్ల చూద్దాం" అనకండి. ఆ ట్రిప్పులో బండి బ్రేకు మీద కాలు పెట్టేది అతనే.